గొడవల్లో ఉన్న దేశానికి సేవకి వెళ్ళాలా, ఆగాలా, ఇక్కడే చెయ్యాలా

ఈ నెలలో నన్ను ముగ్గురు ఒకటే ప్రశ్న అడిగారు. బరంపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయి, రాయగడలో నాలుగేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్న అమ్మాయి, ఇక్కడ పర్లాకిమిడిలో మా వీధి చివర ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు. "నేపాల్ వెళ్ళి రెండు నెలలు సేవ చేద్దామనుకుంటున్నాను, అక్కడ గొడవలయ్యాయి కదా, వెళ్ళొచ్చా?" అని. నన్నే ఎందుకు అడుగుతున్నారంటే, 2025 సెప్టెంబరులో ఆ గొడవ జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ముగ్గురికీ ఒకే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో, ఎవరికి ఏ దారి సరిపోతుందో ఇక్కడ రాస్తున్నాను, మీలో కూడా చాలామంది ఇదే ఆలోచనలో ఉండి ఉంటారు కాబట్టి.

ముందు నాకు జరిగింది చెప్పాలి, లేకపోతే నా సలహాకి అర్థం ఉండదు. ఆగస్టు మొదట్లో ఒక ఏజెన్సీకి 42 వేలు కట్టి ఆరు వారాలకి నేపాల్లో కాఠ్మాండూ పక్కనున్న లలిత్‌పుర్ వెళ్ళాను, ఒక హాస్టల్లో పిల్లలకి ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పడానికి. మొదటి నెల బాగానే గడిచింది. సెప్టెంబరు 4న అక్కడి ప్రభుత్వం ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్‌తో కలిపి 26 సోషల్ మీడియా వేదికల్ని ఆపేయమంది, అప్పటి నుంచి ఇంటికి ఫోన్ సరిగ్గా కలవడం మానేసింది. 8వ తేదీన కాఠ్మాండూలో కుర్రవాళ్ళు రోడ్డు మీదికి వచ్చారు, పోలీసులు కాల్చారు, ఆ ఒక్కరోజే 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేశారు, పార్లమెంటు భవనం, ప్రభుత్వ కార్యాలయాలుండే సింహ దర్బార్, సుప్రీంకోర్టు తగలబడ్డాయి, విమానాశ్రయం మూసేశారు, రాత్రికి సైన్యం దిగింది. మేడ మీది నుంచి చూస్తే నాలుగు వైపులా పొగ. ఏజెన్సీ వాళ్ళ నంబరుకి పదహారు సార్లు చేశాను, ఒక్కసారి కూడా ఎత్తలేదు.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ పొగ కాదు. కర్ఫ్యూ మూడో రోజు హాస్టల్ చూసుకునే దీదీ బియ్యం డబ్బా మూత తీసి లోపలికి చూసి, ఏమీ అనకుండా మూత పెట్టేసింది. ఇరవై రెండు మంది పిల్లలు, వంటమనిషి, దీదీ, వాళ్ళకి తోడు బయటి నుంచి వచ్చిన మేం నలుగురం. కొట్లు లేవు, స్కూలు లేదు, నేను నేర్పడానికి పాఠమూ లేదు. దీదీ రాత్రి గేటు దగ్గర కాపలా కూర్చున్నది పిల్లల కోసం ఒక్కటే కాదు, మా కోసం కూడా. సాయం చెయ్యడానికి వెళ్ళిన నేను, ఆ ఇంటికి మోయవలసిన మనిషినయ్యాను. 14న బస్సు దొరికితే సరిహద్దులోని బీర్‌గంజ్ వెళ్ళి, ఇవతల బీహార్లోని రక్సౌల్లో రైలెక్కి, హౌరా మీదుగా పలాస దిగేసరికి అమ్మా నాన్నా స్టేషన్లో ఉన్నారు.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా నేనిప్పుడు మొదట చూసేది ఒక్కటే: రేపు పొద్దున్న అన్నీ మూతబడితే, నేను అక్కడ ఒక పనికొచ్చే మనిషినా, పోషించాల్సిన మనిషినా?

ఇది మనకి తెలియని విషయమేమీ కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా. మా పిన్ని వాళ్ళది ఉద్దానం. కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. ఎక్కడెక్కడి నుంచో మంచి మనసుతో జనం వచ్చారు, పాత బట్టలు మూటలు మూటలు తెచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, రాత్రికి పడుకోవడానికి చోటు అడిగారు. ఊరికి కావలసింది జనరేటరు, దారికి అడ్డంగా పడ్డ చెట్లు కొయ్యడానికి రంపాలు, మంచినీళ్ళు. రంపాలు తెచ్చిన వాళ్ళ పేర్లు మా పిన్ని ఇప్పటికీ తలుచుకుంటుంది. మన గజపతి జిల్లాలో బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి, అక్కడ తలదాచుకున్న వాళ్ళు చనిపోతే, ముందుగా చేరింది ఆ చుట్టుపక్కల దారులు తెలిసిన వాళ్ళే. తిత్లీలో సాయం అందుకున్న వైపున నిలబడ్డాం కనుక, సాయం ఇచ్చే వైపున నిలబడేటప్పుడు ఆ సంగతి మరిచిపోకూడదని నా ఉద్దేశం.

ఇక దారులు. నాకు తెలిసి మనలాంటి వాళ్ళ ముందు నాలుగున్నాయి.

ఏజెన్సీకి డబ్బు కట్టి వెళ్ళడం

అందరికీ ముందు కనబడేది ఇదే, అన్నిటికన్నా సులువూ ఇదే. అర్హత అడగరు, అనుభవం అడగరు, ఫోన్లో వారం రోజుల్లో ఖాయం చేసేస్తారు. మామూలు రోజుల్లో, మంచి సంస్థ దొరికితే, కొత్త దేశం చూసి నాలుగు విషయాలు నేర్చుకుని రావడానికి ఇది తప్పేమీ కాదు. కానీ గొడవలున్న చోటికి మాత్రం నాలుగింటిలో అన్నిటికన్నా బలహీనమైన దారి ఇదేనని గట్టిగా చెబుతాను. నా కాగితాల్లో మూడో పేజీలో చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది, అల్లర్లు, సమ్మెలు, ప్రభుత్వ ఆంక్షల వల్ల వచ్చే ఖర్చుకి, ప్రమాదానికి వాలంటీరుదే బాధ్యత అని. సంతకం చేసేముందు నేను చదవలేదు. ఇన్సూరెన్సు కూడా అంతే. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి యుద్ధం, అంతర్గత అల్లర్లు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. మన ప్రభుత్వం వెళ్ళొద్దని హెచ్చరించిన తర్వాత బయల్దేరితే క్లెయిమ్ ఇంకా కష్టం.

ఇంకో సంగతి, ఇది గొడవలకి సంబంధం లేకుండా కూడా చూసుకోవాలి. అనాథ పిల్లల హోమ్‌లో సేవ అని ఎవరైనా చెబితే ఒకటికి పదిసార్లు ఆలోచించండి. 2015 ఏప్రిల్ 25 భూకంపం తర్వాత నేపాల్లో పల్లెల నుంచి పిల్లల్ని తీసుకొచ్చి, అనాథలని చెప్పి, విదేశీ వాలంటీర్ల దగ్గర డబ్బు రాబట్టే హోమ్‌ల గురించి యూనిసెఫ్ హెచ్చరించింది. ఆ పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. మనం కట్టే ఫీజే ఆ వ్యాపారానికి ఇంధనం అవుతుంది. నేనున్న హాస్టల్ అలాంటిది కాదు, పండక్కి పిల్లలు ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు, తల్లిదండ్రులు వచ్చిపోయేవాళ్ళు. కానీ వెళ్ళేముందు నేను అది కనుక్కోలేదు, అదృష్టం కొద్దీ మంచి చోట పడ్డాను.

డబ్బు కట్టాలనే అనుకుంటే కట్టేముందు వాళ్ళని అడగండి: అక్కడ మీ మనిషి ఎవరు, రాత్రి రెండింటికి ఎత్తే నంబరు ఏది, విమానాశ్రయం మూస్తే ఏ దారిన పంపిస్తారు, మధ్యలో ఆపేస్తే డబ్బు ఎంత వెనక్కిస్తారు. జవాబులు కాగితం మీద అడగండి. నోటి మాటగా అయితే అన్నీ ఉంటాయి.

జీతమో భత్యమో ఇచ్చి పంపే పెద్ద సంస్థలు

ఇక్కడ లెక్క తిరగబడుతుంది, మీరు డబ్బు కట్టక్కర్లేదు, వాళ్ళే ఇస్తారు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970లో మొదలైంది, కేంద్రం జర్మనీలోని బాన్ నగరంలో. ఎంపికైన వాళ్ళకి నెలనెలా భత్యం, ఇన్సూరెన్సు ఉంటాయి, దరఖాస్తుకి రూపాయి కూడా అడగరు. ఎవరైనా ఆ పేరు చెప్పి డబ్బు అడిగితే అది మోసమే. మెడిసిన్ సాన్ ఫ్రాంటియర్ అనే వైద్యుల సంస్థ 1971 నుంచి యుద్ధాలు, అల్లర్లున్న చోట్లే ఎక్కువగా పనిచేస్తోంది, డాక్టర్లు, నర్సులతో పాటు నీటి సరఫరా, స్టోర్స్, లెక్కలు చూసే వాళ్ళని కూడా తీసుకుంటుంది, ఢిల్లీలో వాళ్ళ ఆఫీసు ఉంది.

తేడా డబ్బులో ఒక్కటే కాదు. ఈ సంస్థలకి గొడవ ముదిరితే ఏం చెయ్యాలో ముందే రాసుకున్న పద్ధతి ఉంటుంది: ఎవరు ఎక్కడున్నారో రోజూ లెక్క, ఏ రోడ్డు మీద ఎన్ని గంటల తర్వాత తిరగకూడదు, ఎప్పుడు మనుషుల్ని వెనక్కి లాగాలి. అక్కడి అవసరం తేల్చుకున్నాకే మనిషిని పంపుతారు. అందుకే ఇందులో చేరడం కష్టం, నెలలు పడుతుంది, వృత్తి అనుభవం అడుగుతారు, ఇంగ్లీషుతో పాటు ఇంకో భాష వస్తే మంచిదంటారు. డిగ్రీ పిల్లలకి ఇది అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ ఒకప్పుడు అనిపించింది. కానీ దెబ్బ తగిలిన మనిషికి కట్టు కట్టడం వచ్చిన చెయ్యి కావాలి, అంతే.

రాయగడ నర్సమ్మాయికి నేను ఈ దారే చెప్పాను. "అక్కా, అంత పెద్ద సంస్థలు మనల్ని తీసుకుంటాయా?" అంది. నాలుగేళ్ళు జిల్లా ఆసుపత్రిలో మలేరియా వార్డు చూసిన అమ్మాయి, కోందుల భాష కువి మాట్లాడే వాళ్ళతోనూ ఒడియా, తెలుగు వాళ్ళతోనూ నెగ్గుకొచ్చిన అమ్మాయి, తన చేతిలో ఏముందో తనకే తెలియదు. ఇప్పుడే కాదు, ఆరు నెలలు ఇంగ్లీషు మీద కూర్చుని అప్పుడు దరఖాస్తు పెట్టమన్నాను.

ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో

ఇది చిన్నచూపు చూసే దారి. నేను చూడను. ఐక్యరాజ్యసమితి వాలంటీర్లకి ఆన్‌లైన్ విభాగం కూడా ఉంది, అనువాదం, డిజైన్, రాతపని, డేటా పని ఉంటాయి, ఉచితం. నేను ఇంటికొచ్చాక దీదీకి ఫోన్ చేసి ఏం కావాలని అడిగితే ఆవిడ వెంటనే చెప్పింది: పదో తరగతి పిల్లలు ఆరుగురికి లెక్కలు. అది విన్నాకే మా మాస్టారిని పట్టుకున్నాను. ఆయన వయసుకి, మోకాళ్ళ నొప్పులకి కాఠ్మాండూ మెట్లు సరిపడవు. కానీ ముప్పై నాలుగేళ్ళు బీజగణితం చెప్పిన మనిషి. ఇప్పుడు శనివారం కాకుండా మిగతా రోజుల్లో ఏదో ఒక పూట గంటసేపు ఫోను స్టాండుకి పెట్టి చెబుతున్నారు (అక్కడ వారం సెలవు శనివారం, మనకి ఆదివారం, ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి). హిందీ కలిపిన ఇంగ్లీషులో చెప్తారు, పిల్లలకి అర్థమవుతోంది.

దీని లోటు కూడా చెప్పాలి. గొడవ ముదిరితే మొదట పోయేది ఇంటర్నెట్టే. 2024 జులై 18న బంగ్లాదేశ్‌లో నెట్ కట్ చేస్తే మొబైల్ డేటా మళ్ళీ వచ్చింది 28న. ఆ పది రోజులు మీరు ఆన్‌లైన్ వాలంటీరైతే చేతులు కట్టుకుని కూర్చోవాలి. అయినా అప్పుడు మీరు ఎవరి బియ్యమూ తినరు, ఎవరూ మీకు కాపలా కాయక్కర్లేదు.

ఇక్కడే, మన జిల్లాలోనే

చాలామంది మరిచిపోయేది ఇది. రాజకీయ కల్లోలం వల్ల దేశం వదిలిన మనుషులకి సేవ చెయ్యాలంటే విమానం ఎక్కక్కర్లేదు, మన గజపతి జిల్లాలోని చంద్రగిరికి బస్సు ఎక్కితే చాలు. 1963 నుంచి అక్కడ టిబెట్ నుంచి వచ్చిన వాళ్ళు ఉంటున్నారు, మొక్కజొన్న పండించుకుంటూ, జిరంగ్‌లో ఆ పెద్ద ఆరామం కట్టుకుని. దలైలామా 2010లో వచ్చి ప్రారంభించిన ఆరామమది, మన వాళ్ళు పిక్నిక్కి వెళ్ళి ఫొటో దిగి వచ్చేస్తారు. కుర్రవాళ్ళు ఉద్యోగాలకి నగరాలకి పోయాక అక్కడ మిగిలిన ముసలివాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళే మనిషి, బ్యాంకు కాగితాలు నింపిపెట్టే మనిషి కావాలి. అడిగితే చెప్తారు, అడగాలి.

సవర ఊళ్ళు సరే సరి. మన ఊళ్ళో బడి పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల పిల్లలకి చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తను సవర నేర్చుకున్నారు. ఆ తర్వాతే వాళ్ళ భాషలో పుస్తకాలు రాశారు, బళ్ళు పెట్టారు. రెండు వారాల సేవ ప్యాకేజీలు అమ్మే వాళ్ళ బ్రోషర్ చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. పరాయి దేశం సంగతి తర్వాత, పది కిలోమీటర్ల అవతలి వాళ్ళకి పనికిరావడానికి ఆయనకి ఏళ్ళు పట్టింది.

ఇక్కడ పనిచెయ్యడంలో ఇంకో లాభం ఉంది, శిక్షణ దొరుకుతుంది. కాలేజీలో ఎన్ఎస్ఎస్ ఉంది, రెడ్‌క్రాస్ ఫస్ట్ ఎయిడ్ తరగతులున్నాయి, తుఫానుల పుణ్యమా అని మన వైపు విపత్తుల శిక్షణ ఇచ్చే వాళ్ళున్నారు. రేపు నిజంగా విదేశానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఏ దేశం అన్నది కూడా తేడానే

వెళ్ళడమే ఖాయం అనుకున్న వాళ్ళు, దేశాన్ని అక్కడి గొడవ ఎంత పెద్దదో చూసి కొలుస్తారు. నేనైతే అక్కడి నుంచి తిరిగొచ్చే దారి ఎంత దగ్గరో చూసి కొలుస్తాను. నేపాల్‌తో మనకి తెరిచిన సరిహద్దు ఉంది, వీసా అక్కర్లేదు, విమానంలో వెళ్ళాలంటే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉంటే చాలు (పెద్ద వయసు వాళ్ళకి, చిన్నపిల్లలకి తప్ప ఆధార్ పనికిరాదు). విమానాశ్రయం మూసినా రక్సౌల్, సునౌలీ దారులున్నాయి, నేను బయటపడింది అలాగే. శ్రీలంక అలా కాదు, చుట్టూ సముద్రం. 2022లో అక్కడ పెట్రోలు కోసం జనం రోజుల తరబడి క్యూల్లో ఉన్నారు, జులై 9న అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయారు. అలాంటప్పుడు మీరు ఊరి లోపల ఎక్కడో ఉంటే విమానాశ్రయం తెరిచి ఉన్నా అక్కడికి చేరడమే పెద్ద పని. నాగపట్నం నుంచి కాంకేశన్‌తురైకి 2023లో మొదలైన పడవ ఉంది కానీ వానల కాలంలో ఆగిపోతుంటుంది, దాన్ని నమ్ముకోకూడదు. బంగ్లాదేశ్‌కి వీసా కావాలి, కానీ నేల దారి ఉంది. 2024లో వేలమంది మన విద్యార్థులు త్రిపుర, మేఘాలయ, బెంగాల్ వైపు నుంచే వెనక్కి వచ్చారు. మయన్మార్ సంగతి వేరు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నాక అక్కడ నడుస్తున్నది యుద్ధం. కొత్తవాళ్ళు ఆ పేరు ఎత్తొద్దు.

మయన్మార్ అంటే మన వైపు ఇళ్ళల్లో ఒక భయం ఉంది, అది ఊరికే వచ్చింది కాదు. మా నానమ్మ ఆ దేశాన్ని రంగం అనేది. గంజాం, శ్రీకాకుళం నుంచి ఓడలెక్కి రంగూన్ రేవులో కూలికి పోయిన మన వాళ్ళ మీద 1930 మే నెలలో దాడులు జరిగాయి. తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మా కూలీల్ని పెట్టారు, సమ్మె తేలిపోగానే వాళ్ళని పొమ్మన్నారు, ఆ కోపం మన వాళ్ళ మీద పడింది. 1941 చివర రంగూన్ మీద జపాన్ బాంబులు పడడం మొదలయ్యాక, 1942లో అడవుల గుండా నడిచి వచ్చారు. ఒక దేశం లోపల కోపం రగిలినప్పుడు బయటివాడి ముఖం ముందు కనిపిస్తుంది, అతను మంచి చేయడానికొచ్చాడా అని ఎవరూ ఆగి అడగరు. కాబట్టి మీ అమ్మ వద్దంటే, ఏమీ తెలియక అంటోందని కొట్టిపారెయ్యకండి. కూర్చోబెట్టి మీ తిరుగు దారి చూపించండి.

వెళ్ళే వాళ్ళు తప్పకుండా చెయ్యాల్సినవి కొన్ని. దిగిన రోజే మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి. 2015లో యెమెన్ నుంచి 4,600 మందికి పైగా, 2022లో ఉక్రెయిన్ నుంచి సుమారు 22,500 మందిని, 2023లో సూడాన్ నుంచి 3,800 మందికి పైగా మన ప్రభుత్వం తీసుకొచ్చింది. కానీ మీరు ఫలానా ఊళ్ళో ఉన్నారని వాళ్ళకి తెలియకపోతే మిమ్మల్ని వెతకడం ఎలా? కష్టం వస్తే ఫిర్యాదు పెట్టుకోవడానికి మన విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్ ఉంది. రాయబార కార్యాలయం నంబరు, ఇంటి నంబరు, ఇరుగుపొరుగు ఒకరి నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఫోన్ చార్జింగ్ అయిపోయిన రాత్రి ఆ కాగితం విలువ తెలుస్తుంది. తిరిగి రావడానికి సరిపడే నగదు విడిగా దాచండి, ఏటీఎంలు పనిచెయ్యవు. ఊరేగింపుల దగ్గరికి వెళ్ళొద్దు, వీడియోలు తియ్యొద్దు. వాళ్ళ పోరాటం న్యాయమైనదే అని మీకు అనిపించవచ్చు, నాకూ ఆ పిల్లల చావులు చూసి ఏడుపొచ్చింది, కానీ అది వాళ్ళ దేశం, మీ ఒక్క వీడియో వల్ల మిమ్మల్ని పెట్టుకున్న ఇంటివాళ్ళకి ఇబ్బంది రావచ్చు.

ఆగడం కూడా ఒక దారే అని చెప్పడం మరిచిపోయాను. నేపాల్లో 2025 సెప్టెంబరు 12న సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధాని అయ్యారు, 2026 మార్చి 5కి ఎన్నికల తేదీ ప్రకటించారు. అలాంటి తేదీ ఒకటి ముందున్నప్పుడు దానికి ముందు నెల, తర్వాత నెల వదిలేసి ప్లాన్ చేసుకోవడం తెలివైన పని, ఏ దేశమైనా సరే. టికెట్టు తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి, కాస్త ఎక్కువైనా.

బరంపురం అబ్బాయి సంగతి చెప్పలేదు కదా. అతను వినలేదు, వెళ్తానన్నాడు. సరే, పైన రాసిన నాలుగు ప్రశ్నలు ఏజెన్సీని అడగమన్నాను. మొదటి రెండిటికి జవాబు వచ్చిందట, దారి గురించి అడిగితే "అలాంటివేమీ జరగవు తమ్ముడూ" అన్నారట, డబ్బు గురించి అడిగితే ఫోన్ పెట్టేశారట. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న రాత్రి ఫోన్ చేసి, "అక్కా, చంద్రగిరికి పొద్దున్న బస్సు ఎన్నింటికి?" అన్నాడు. ఆదివారం నేనూ అతనితో వెళ్తున్నాను.